ఏడు రోజుల్లో పదకొండు ఊళ్లు

ఊరు ఏర్పడటానికి తరాలు పడుతుందని పాతకాలం వాళ్లు అనుకునేవారు. ఇప్పుడు వారం చాలు. ఒక పెద్ద హాలు, గోడల నిండా మ్యాపులు, బల్లల మీద ట్రేసింగ్ పేపర్లు, స్కెచ్ పెన్నులు, అంటించే పసుపు చీటీలు, ఫ్లాస్కుల కొద్దీ కాఫీ ఉంటే పని అయిపోయినట్టే. ఆర్కిటెక్టులు, ఇంజనీర్లు, అధికారులు, జనం ఒకే గదిలో కూర్చుంటారు. మూడో రోజుకు వాదన, ఐదో రోజుకు బొమ్మ, ఏడో రోజుకు ఏకాభిప్రాయం. అమెరికాలో దీన్ని షారెట్ అంటారు. దీన్ని మించిన ప్రజాస్వామ్యం లేదని అక్కడి ప్లానర్లలో చాలామంది గట్టి నమ్మకం. ఎంత గట్టిదంటే, ఎనిమిదో రోజున ఏం జరిగిందని అడగడం కూడా మర్యాద కాదు.

మర్యాద పక్కన పెట్టి అడుగుదాం. 2005 ఆగస్టు 29న కత్రినా హరికేన్ మిసిసిపీ తీరాన్ని ఊడ్చేసింది. ఆరు వారాలకల్లా, గవర్నర్ హేలీ బార్బర్ అండతో, ఆర్కిటెక్ట్ ఆండ్రెస్ డువానీ సారథ్యంలో సుమారు 200 మంది నిపుణులు బిలాక్సీలో ఒక కాసినో హోటల్లో దిగారు. వారంలో పదకొండు పట్టణాలకు ప్లాన్లు గీసిపెట్టారు. ఇళ్లు కొట్టుకుపోయిన వాళ్లలో ఎందరో అప్పటికి చుట్టాల ఇళ్లలోనో, పక్క రాష్ట్రాల్లోనో తలదాచుకుంటున్నారు. అంత మంచి వర్క్‌షాప్ జరుగుతుంటే ఊళ్లో లేకపోవడం వాళ్ల నిర్లక్ష్యం కాక మరేమిటి?

బొమ్మలు మాత్రం కన్నుల పండువే. వీధివైపు వరండాలు, నడిచి వెళ్లేంత దూరంలో అంగళ్లు, చెట్ల నీడలో కాలిబాటలు. వాటర్‌కలర్ బొమ్మలో ఇంకో మంచి గుణం ఉంది. అందులో ఇంటి అద్దె పెరగదు, బీమా కంపెనీ మొహం చాటేయదు, ఎవరి స్థలమూ అమ్ముడుపోదు.

ఆ వర్క్‌షాప్ జరిగిన అక్టోబరులోనే రాష్ట్ర శాసనసభ ఇంకో పని చేసింది. తీరంలో అంతవరకూ నీటి మీది బార్జీల్లోనే నడవాల్సిన కాసినోలు ఇక 800 అడుగుల వరకూ గట్టు మీదికి రావచ్చని చట్టం చేసింది. సముద్రం ఒడ్డున ఎవరి భూమి ఏ ధర పలకాలో, ఎవరు ఉండాలో, ఎవరు సర్దుకోవాలో తేల్చే నిర్ణయమంటే అది. దానికి పసుపు చీటీలు వాడినట్టు ఎక్కడా కనబడదు.

2008 మొదట్లో మరో ముచ్చట. ఇళ్ల కోసమని వచ్చిన కేంద్ర సాయంలోంచి సుమారు 60 కోట్ల డాలర్లను గల్ఫ్‌పోర్ట్ రేవు విస్తరణకు మళ్లించడానికి వాషింగ్టన్ ఆమోదముద్ర వేసింది. ఇళ్లు లేనివాళ్ల తరఫు సంఘాలు కోర్టుకెక్కాయి. 2010లో రాజీ కుదిరి, ఇళ్ల కోసం 13 కోట్ల డాలర్ల పైచిలుకు తిరిగొచ్చింది. ఆ రాజీ బేరంలో స్కెచ్ పెన్నుల పాత్ర ఎంతో, షారెట్ మహిమలు వర్ణించే వాళ్లే చెప్పాలి.

అన్యాయంగా మాట్లాడకూడదు. ఆ వర్క్‌షాప్ పుణ్యమా అని కత్రినా కాటేజీ అనే చిన్న ఇంటి ఆలోచన పుట్టింది. మేరియన్ కుసాటో గీసిన మొదటి నమూనా 308 చదరపు అడుగులే. ఇళ్లు పోయినవాళ్లకు ప్రభుత్వం ఇచ్చిన ట్రైలర్ కంటే వెయ్యిరెట్లు నయం. తీరా ఆ తరహా ఇళ్లు వచ్చి నిలబడేసరికి, ఏకాభిప్రాయం కుదిరిన ఆ పట్టణాల్లోనే కొన్ని 'మా వీధిలో వద్దు' అని అడ్డం తిరిగాయి. మరి వారం రోజులు ఎవరితో ఎవరికి కుదిరినట్టు?

షెర్రీ ఆర్న్‌స్టైన్ అనే ఆవిడ 1969లోనే ప్రజా భాగస్వామ్యానికి ఎనిమిది మెట్ల నిచ్చెన గీసిపెట్టింది. అట్టడుగు మెట్టు జనాన్ని బుట్టలో వేసుకోవడం, పైమెట్టు జనం చేతికే పగ్గాలు ఇవ్వడం. 'సంప్రదించడం' నాలుగో మెట్టు. మూడు నుంచి ఐదు దాకా ఉన్నదంతా కంటితుడుపేనని ఆవిడ లెక్క. మన నిపుణులు ఆ నాలుగో మెట్టు మీదే కుర్చీలు వేయించి, ఏసీ పెట్టించి, శిఖరం ఎక్కామని ఫొటోలు దిగుతున్నారు.

మనమూ తక్కువ తినలేదు. 2017లో అమరావతి శాసనసభ భవనం ఏ ఆకారంలో ఉండాలో చెప్పమని ఆన్‌లైన్‌లో జనాన్ని అడిగారు. సూదిమొన గోపురమా, చదరపు కట్టడమా అని ఓటు వేయడానికి ఫోన్ ఉంటే చాలు. అంతకు ముందే 30 వేల ఎకరాలకు పైగా భూమి సమీకరణలోకి వెళ్లింది. రాజధాని ఎక్కడ, ఎంత, ఎవరి పొలంలో అన్నవాటికి మాత్రం అలాంటి బటన్ ఎవరూ పెట్టలేదు. ముహూర్తం పెట్టి, శుభలేఖలు పంచేశాక పిల్లను పిలిచి చీర రంగు అడిగినట్టు.

ఇంతకీ ఈ వర్క్‌షాపుల్లో నాకు బాగా నచ్చినది గోడకు ఓ మూల తగిలించే చార్టు. దాని పేరు 'పార్కింగ్ లాట్'. చర్చకు అడ్డొచ్చే ప్రశ్నలను అందులో రాసి, తర్వాత చూద్దామంటారు. 'బెంచీలు చెక్కవా, రాతివా?' అన్నది దాంట్లోకి వెళ్లదు, దానికి ఏకంగా ఓ బల్ల కేటాయిస్తారు. వెనక వరసలోంచి ఎవరో లేచి, 'అయ్యా, ఈ కొత్త రోడ్డు మా ఇంటి మీదుగా పోతోంది గదా, మాకేమిస్తారు?' అంటే, నిర్వాహకుడు ఎంతో ఆప్యాయంగా నవ్వి, 'చాలా మంచి పాయింటండీ' అని అక్కడ రాసుకుంటాడు.