సెలవు డాట్ డెవ్

మా ఆఫీసులో సెలవు చీటీలు పెట్టుకునే అప్లికేషన్ నేను రాసిందే. దాన్ని తెరవాలంటే 192.168.1.40:8080 అని కొట్టాలి. అకౌంట్స్ మేడమ్ ఆ అంకెల్ని కాగితం మీద రాసి మానిటర్‌కి అంటించుకోవడం చూసి నాకు నామోషీ వేసింది. ముద్దుగా ‘సెలవు డాట్ డెవ్’ అని పేరు ఖాయం చేశాను.

నెట్‌వర్క్ చూసే కుర్రాణ్ణి అడిగితే ఏ పేరు ఏ అంకెలదో చెప్పే ఆఫీసు డీఎన్ఎస్ సర్వర్లో ఒక్క ‘ఏ రికార్డు’ చేర్చేవాడు. నేను వెళ్లి వాణ్ణి అడగడమా! విండోస్‌లో సిస్టమ్32లో డ్రైవర్స్, అందులో ఈటీసీ, అందులో హోస్ట్స్ అనే ఫైలు. ఐపీ, ఖాళీ, పేరు అని ఒక లైను రాస్తే చాలు, ఆ కంప్యూటర్ ఇంకెవర్నీ అడక్కుండా నమ్మేస్తుంది. నేను మాత్రం తెలివిగా పోర్టు నంబరు కూడా అందులోనే ఇరికించాను. పేరుకీ పోర్టుకీ సంబంధం లేదన్న ఇంగితం లేకపోయింది. నోట్‌ప్యాడ్ దాన్ని కాస్తా ‘హోస్ట్స్ డాట్ టీఎక్స్‌టీ’ అని సేవ్ చేసింది. ఎక్స్‌టెన్షన్లు దాచే సెట్టింగు ఉండటంతో ఆ తోక నా కంటపడలేదు. యాంటీవైరస్‌ని తిట్టుకుంటూ పొద్దుపుచ్చాను.

చివరికి అప్లికేషన్‌ని బ్రౌజర్ చెప్పకుండానే వెళ్లే 80వ పోర్టుకి మార్చి, ఓటరు స్లిప్పులు పంచేవాడిలా సీటు సీటుకీ తిరిగి అందరి హోస్ట్స్ ఫైళ్లలో ఆ లైను రాసొచ్చాను. ఇంటర్నెట్‌కి ముందున్న అర్పానెట్ రోజుల్లోనూ ఇదే తంతు. స్టాన్‌ఫర్డ్ రిసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఫైన్లర్ బృందం యంత్రాల పేర్లన్నీ ఒకే ఫైల్లో రాసి ఉంచితే, మిగతావాళ్లు దాన్ని కాపీ చేసుకునేవారు. నెట్‌వర్క్ పెరిగి అది మోయలేని బరువయ్యాక, 1983లో పాల్ మొకాపెట్రిస్ డీఎన్ఎస్‌ని రూపొందించాడు. లోకం వదిలించుకున్న ఆ చాకిరీని నేను మళ్లీ కాలినడకన మొదలుపెట్టాను. “ఫోన్లో రావట్లేదు సార్” అన్నవాళ్లకి “ఆఫీసు పని ఆఫీసులోనే చేయాలి” అని నీతులు కూడా చెప్పాను.

2017 డిసెంబర్‌లో క్రోమ్ 63 వచ్చింది. సంక్రాంతి సెలవులకి అందరూ ఎగబడే వేళ పేజీ తెరుచుకోవడం మానేసింది. నెట్‌వర్క్ కుర్రాడే ఏదో కెలికాడని నలుగురి ముందూ ఎగిరాను. అతను వచ్చి స్క్రీన్ చూశాడు. “డాట్ డెవ్ గూగుల్ వాళ్లది కదండీ. దాని కింద ఏ పేరున్నా ఇక హెచ్‌టీటీపీఎస్‌లోనే తెరవాలని క్రోమ్‌లో రాసేశారు. మనకి సర్టిఫికెట్ ఏదీ?” అన్నాడు. నాది కాని ఇంటికి నేమ్‌ప్లేటు కొట్టానన్నమాట. లోపలి వాడకానికని, ఇంటర్నెట్ పేర్ల వ్యవహారం చూసే ఐకాన్ సంస్థ 2024లో డాట్ ఇంటర్నల్‌ని విడిగా ఉంచింది. అప్పట్లోనే ఉన్నా నేను వాడేవాణ్ణి కాదు, డెవ్ అంత స్టైలుగా లేదుగా!

అతను కంపెనీ సొంత డొమైన్ కింద ఒక పేరు చేర్చి, నా పక్కనే నిలబడి తెరిచి చూపించాడు. ఫోన్లో కూడా వచ్చింది. ఆ కొత్త పేరు మీద పడిన మొదటి సెలవు చీటీ అతనిదే. కారణం గడిలో ఏం రాశాడో చూడకుండానే మంజూరు చేశాను.