నాటకం వేసేవాళ్లు వినకూడని సలహాలు

నాటకం వేస్తున్నామని తెలిస్తే చాలు, సలహాలు చెప్పేవాళ్లు బయలుదేరతారు. వికలాంగ ప్రేక్షకుల మాట వచ్చేసరికి ఆ సలహాల్లో చాలావరకు వాళ్లను గుమ్మం బయటే ఆపేసేవి. చెప్పేవాళ్లు మంచివాళ్లే. అయినా వినకండి.

"మన నాటకాలకు వాళ్లెవరూ రారండీ, ఖర్చెందుకు?" మెట్లెక్కలేని మనిషి మెట్లు తప్ప మరో దారిలేని హాలుకు ఎలా వస్తాడు? రాలేకపోవడాన్ని ఇష్టం లేకపోవడం కింద జమకట్టడం అన్యాయం. సాంస్కృతిక జీవితంలో వికలాంగులకు అందరితో సమానమైన హక్కు ఉందని వికలాంగుల హక్కుల చట్టం (2016) 29వ సెక్షన్ చెబుతోంది. సౌకర్యాల ప్రమాణాలు ఒట్టి సిఫార్సులుగా మిగలకూడదని, తప్పనిసరి చేయాలని 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది.

"నలుగురు కుర్రాళ్లుంటే కుర్చీతో సహా ఎత్తి లోపల దించేస్తారు." వద్దు. పట్టు జారితే దెబ్బ తగిలేది కుర్చీలో ఉన్న మనిషికి. జారకపోయినా పదిమంది చూస్తుండగా మూటలా మోయించుకోవాలని ఎవరికుంటుంది? ర్యాంపు కట్టండి. చెక్క పలక వాల్చితే ర్యాంపు కాదు. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు ఉండాలి. అంటే ఆరంగుళాల మెట్లు మూడుంటే పద్దెనిమిది అడుగులు. లోపల చక్రాల కుర్చీకి చోటు వెనక గోడ పక్కన కాదు, తోడు వచ్చినవాళ్ల పక్కన ఉండాలి. ముఖ్య అతిథుల సోఫాలకు ముందు వరుసంతా ఇవ్వగలిగినవాళ్లం, ఇంతమాత్రం చోటు ఇవ్వలేమా?

"చూపులేనివాళ్లకు నాటకమెందుకు, రేడియో ఉందిగా?" ఇది వినడానికి సబబుగా ఉంటుంది, పద్యనాటకం సగం చెవికే అందుతుంది కనుక. కానీ 1885 నుంచి ఆడుతున్న సురభి వారి నాటకం తలుచుకోండి. పాత్ర గాల్లోకి లేస్తుంది, రంగం మీద మంటలు, వాన. హాలంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టినప్పుడు, ఏం జరిగిందో తెలియక పక్కవాళ్లను అడగాల్సిరావడం ఎంత వెలితి! దీనికి మార్గం ఎప్పుడో దొరికింది. 1981లో వాషింగ్టన్‌లోని అరీనా స్టేజిలో మార్గరెట్, కోడీ ఫాన్‌స్టీల్ అనే ఇద్దరు రంగం మీద జరిగేది ఇయర్‌ఫోన్లలో వర్ణించి చెప్పే పద్ధతి మొదలుపెట్టారు. మార్గరెట్‌కే చూపు చాలావరకు పోయింది. మన దగ్గర చేసేటప్పుడు ఒక్క జాగ్రత్త: పద్యం మీద మాట్లాడకూడదు, రాగాలాపన మీద అసలే కూడదు. పాత్ర ప్రవేశించేటప్పుడు, దృశ్యం మారేటప్పుడు దొరికే సందులో రెండు ముక్కలు చెప్పాలి. అందుకు రిహార్సల్స్ చూసి ముందే రాసుకోవాలి. తెర లేవకముందు కిరీటం, గద, భుజకీర్తులు చేత్తో తడిమి చూడనివ్వండి. ఖర్చేమీ లేదు.

"వినపడనివాళ్ల కోసం సైగల భాష వచ్చినవాళ్లను ఓ మూల నిలబెడితే సరి." చీకటి మూలలో చేతులు కనపడవు. నటుల దగ్గరగా, వెలుతురులో నిలబెట్టి, స్క్రిప్టు చాలా ముందే ఇవ్వాలి. పైగా వయసు మీదపడి వినికిడి తగ్గిన మన పెద్దవాళ్లకు సైగల భాష రాదు. వాళ్లకు తెర పక్కన తెలుగు అక్షరాలు కావాలి. స్క్రిప్టు ఎలాగూ ఉంది. ప్రొజెక్టరు, నాటకం కంఠతా వచ్చిన ఒక మనిషి ఉంటే పని జరుగుతుంది. పద్యం ముగిశాక అక్షరాలు వేసే తెర ఖాళీగా వదలొద్దు. "రాగం తీస్తున్నాడు" అని వేయండి, లేకపోతే హాలు ఎందుకు చప్పట్లు కొడుతోందో వాళ్లకు అర్థం కాదు.

"ఆటిజం ఉన్న పిల్లలు గోల చేస్తారు, రానివ్వొద్దు." కదలకుండా కూర్చోవాలన్న నియమం మన నాటకానికి పుట్టుకతో వచ్చింది కాదు. ఊళ్లో తెల్లవార్లూ ఆడేటప్పుడు పిల్లలు చాపల మీద నిద్రపోయేవారు, పెద్దలు మధ్యలో టీకి వెళ్లొచ్చేవారు, వన్స్‌మోర్ కేకలు సరేసరి. ఆ వెసులుబాటే మళ్లీ ఇవ్వండి. ధ్వని కాస్త తగ్గించి, హాల్లో కొన్ని దీపాలు వెలగనిచ్చి, తుపాకీ మోతలాంటివి ఎప్పుడొస్తాయో ముందే చెప్పండి. 2011లో బ్రాడ్‌వేలో లయన్ కింగ్ నాటకాన్ని ఇలాగే వేశారు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది చివర వస్తుంది: "వాళ్లకోసం విడిగా ఓ ఉచిత ప్రదర్శన వేసి, శాలువాలు కప్పి, ఫొటోలు తీద్దాం." వాళ్లడిగేది సన్మానం కాదు, అందరూ చూసే రోజున ఇంటివాళ్లతో కలిసి చూడటం. టికెట్ కొనుక్కుంటారు, నచ్చకపోతే విమర్శిస్తారు. రిహార్సల్‌కు ఇద్దరు ముగ్గురిని పిలిచి, పారితోషికం ఇచ్చి, ఎక్కడ అందడం లేదో అడగండి. పోస్టరు మీద ఏ రోజు ఏ ఏర్పాటు ఉందో, ఎవరికి ఫోన్ చేయాలో పెద్ద అక్షరాల్లో వేయండి. ఫోన్ వచ్చినప్పుడు "లిఫ్ట్ ఉంది కానీ తాళం వేసి ఉంటుంది" అనే జవాబు రాకుండా, ఆ తాళంచెవి ఆ సాయంత్రం ఎవరి జేబులో ఉండాలో ముందే తేల్చుకోండి.