వీడియోలో వాన పడదు

మేడ్చల్, శామీర్‌పేట మధ్య ఇంకా కట్టని ఇళ్లన్నీ ఎప్పుడో కట్టేశారు. మెట్రో కూడా నడిపేశారు. నమ్మకపోతే ఏదో ఒక వెంచర్ సైట్ ఆఫీసులో కూర్చోండి. ముందు చల్లటి నీళ్ల బాటిల్ ఇస్తారు, వెంటనే గోడంత టీవీలో త్రీడీ వీడియో వేస్తారు.

ఆ లోకంలో కరెంటు తీగల్లేవు, కుక్కల్లేవు, రాంగ్ రూట్లో ఎదురొచ్చే ట్రాక్టర్ లేదు. చెట్లన్నీ ఒకే ఎత్తు. ఒక్కదాన్నే కాపీ కొట్టి వంద నాటారు మరి. ఫుట్‌పాత్ మీద ఓ తెల్ల దొరసాని బ్యాగు ఊపుకుంటూ నడుస్తుంటుంది. గేటు దగ్గర ఆమే, పార్కులో ఆమే, మెట్రో దిగేదీ ఆమే. జవహర్‌నగర్ డంపింగ్ యార్డు నుంచి గాలి మళ్లినా ముక్కు మూసుకోదు. ఆమెకు ముక్కు గీయలేదు.

ప్యారడైజ్–మేడ్చల్, జేబీఎస్–శామీర్‌పేట మెట్రో లైన్లకు సమగ్ర ప్రాజెక్టు నివేదిక (డీపీఆర్) తయారు చేయమని ముఖ్యమంత్రి చెప్పింది 2025 జనవరి 1న. అధికారులు కాగితం తీసేలోపే వీడియోలో రైలొచ్చి ఆగింది, గజం రేటు కదిలింది.

ఇలా లేని లోకాన్ని ముందే కట్టి చూపే సిమ్యులేషన్‌ని తిట్టడం లేదు. పైలట్ కుర్రాణ్ని సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టేది హాయిగా ఎగరమని కాదు, కావాలనే ఇంజిన్ ఆపి ఏం చేస్తాడో చూడటానికి. శామీర్‌పేటలోనే ఉన్న నల్సార్ లా యూనివర్సిటీలో పిల్లలు మూట్ కోర్టు వాదిస్తారు. కేసు కల్పితం, కక్షిదారు కల్పితం. ఎదుటి పక్షం వాదన మాత్రం నిజం, జడ్జి కుర్చీలోంచి ప్రశ్న పడితే పట్టే చెమట ఇంకా నిజం. కొన్ని ఇంజినీరింగ్ కాలేజీల సిమ్యులేషన్ ల్యాబుల సంగతి వేరు. సీనియర్ రికార్డులోని గ్రాఫే ఏటా వస్తుంది, పైన పేరు మారుతుంది. వెంచర్ వీడియోలు చేసేది బహుశా ఆ బ్యాచ్చే.

రియల్టర్ బాబులూ, ఓ విన్నపం. మీ వీడియో మీద 2020 అక్టోబర్ 13 నాటి వాన కురిపించండి. బేగంపేటలో ఒక్క రోజులో 190 మిల్లీమీటర్లు దాటిన వాన అది. మీరు పూడ్చి ‘గ్రీన్ అవెన్యూ’ అని బోర్డు పెట్టిన అలుగు కాలువను కూడా పాత గ్రామ నక్షా చూసి గీయించండి. నీళ్లు ఎవరి హాల్లోకి వస్తాయో, దొరసాని బ్యాగు ఎటు కొట్టుకుపోతుందో చూద్దాం.

“అట్ల చూపిస్తే బుకింగులు ఆగిపోతయి సార్!”

ఆగనీ నాయనా. ఇప్పుడు మునిగింది బొమ్మిల్లే, ఈఎంఐ ఇంకా మొదలవలేదు.