సియోల్‌లో ఇంగ్లీషు మాస్టారు తాగవలసిన పద్ధతి

ముందు పాస్‌పోర్టు సంపాదించండి. ఏదో ఒకటి పనికిరాదు. అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా, ఈ ఏడింటిలో ఒకటై ఉండాలి. దానికి తోడు ఒక డిగ్రీ. అందులో ఏం చదివారని ఎవరూ అడగరు. సముద్రజీవుల శాస్త్రమైనా నాటకాలైనా సరే, ఇంగ్లీషు మీ నోట్లోనే పుట్టిందని కొరియా ప్రభుత్వం నమ్మేస్తుంది. ఈ-2 వీసా అంటారు దీన్ని. నేరాలేవీ చేయలేదని మీ దేశం పోలీసులు ఒక కాగితం ఇవ్వాలి. ఆ తర్వాత వైద్య పరీక్ష. అందులో గంజాయి లాంటి మత్తుల ఆనవాళ్ళు ఉన్నాయేమోనని శ్రద్ధగా చూస్తారు. మందు ఊసు మాత్రం ఎత్తరు. మర్యాదస్తులు. పైగా ఆ పరీక్ష చేసే డాక్టరుగారికీ సాయంత్రం ఎక్కడో సిట్టింగు ఉండే ఉంటుంది.

ఇది చదివి మన బి.ఇడి. కుర్రాళ్ళు సూటుకేసులు సర్దుకోకూడదు. ఆ ఏడింటిలో మనం లేం. 2010లో అమల్లోకి వచ్చిన భారత్–కొరియా వాణిజ్య ఒప్పందం ఒక చిన్న సందు తెరిచిన మాట నిజమే. ప్రభుత్వ బడుల్లో సహాయక ఇంగ్లీషు టీచర్లుగా భారతీయుల్ని తీసుకోవచ్చు. అయితే డిగ్రీతో పాటు ఇంగ్లీషు చెప్పడానికి టీచరుగా అర్హతపత్రం కూడా చూపించాలి. వాళ్ళకి పుట్టుక చాలు, మనకి చదువు కావాలి. కాబట్టి ఈ పాఠం మనవాళ్ళకి పక్క టేబులు నుంచి చూసి ఆనందించడానికే. సువాన్‌లో పనిచేసే తెలుగు ఇంజనీర్లకీ, డేజన్‌లో పీహెచ్‌డీలు చేసే పిల్లలకీ ఆ పక్క టేబులు అలవాటే.

వచ్చాక ఎందుకు తాగాలి అన్న ప్రశ్న వస్తుంది. ఒంటరితనమనీ, ఇంటి మీద బెంగ అనీ కొందరు పెద్ద పెద్ద కారణాలు చెబుతారు. అంత దూరం పోనక్కర్లేదు, టైంటేబులు చూస్తే చాలు. మీకు ఉద్యోగమిచ్చేది చాలావరకు హగ్వన్, అంటే ప్రైవేటు కోచింగు సెంటరు. పిల్లలు బడి అయ్యాక అక్కడికొస్తారు కాబట్టి మీ డ్యూటీ మధ్యాహ్నం మొదలవుతుంది. సియోల్‌లో రాత్రి పది దాటాక హగ్వన్లు నడపకూడదని నిబంధన ఉంది. అది అన్యాయమని కొందరు కోర్టుకెక్కితే, 2009లో రాజ్యాంగ న్యాయస్థానం నిబంధనే సరైనదని చెప్పింది. అలా పిల్లల నిద్రని కాపాడారు. మాస్టార్ల నిద్ర సంగతి పిటిషన్‌లో లేదు. పదింటికి బడి వదిలితే అర్ధరాత్రి ప్రాంతంలో మెట్రో ఆగిపోతుంది. మళ్ళీ మొదటి రైలు తెల్లవారుజామున అయిదున్నరకి. రెండు గంటల్లో తాగి లేవాలి, లేదంటే అయిదున్నర దాకా తాగాలి. టాక్సీ కూడా ఉంది గానీ, ఆ డబ్బుతో ఇంకెన్ని సీసాలొస్తాయో లెక్కగట్టే తెలివి మొదటి నెలలోనే అబ్బుతుంది. ఈ వృత్తిలో దాన్నే పొదుపు అంటారు.

ఎక్కడ కూర్చోవాలో తెలియకపోతే కన్వీనియన్స్ స్టోరు ముందు కూర్చోండి. రాత్రంతా తెరిచే ఉంటుంది, బయట ప్లాస్టిక్ కుర్చీలు వేసుంటాయి, వీధిలో తాగితే పోలీసు పట్టుకోడు. మొదటి వారంలో ప్రతి కొత్త మాస్టారూ అక్కడి ఫొటో ఒకటి ఇంటికి పంపుతాడు. ఆ ఫొటో చూశాకే అమ్మ ఫోను చేసి, అబ్బాయీ, అక్కడ తిండి సరిగ్గా దొరుకుతోందా అని అడుగుతుంది.

ఇక సోజు. ఆకుపచ్చ సీసా, 360 మిల్లీలీటర్లు. 1924లో జిన్రో కంపెనీ మొదలుపెట్టినప్పుడు అది 35 శాతం ఘాటు. 1965లో బియ్యం కరువుకి భయపడి, సోజు కాచడానికి ధాన్యం వాడకూడదని ప్రభుత్వం ఆజ్ఞ వేసింది. దాంతో చిలగడదుంప, కర్రపెండలం లాంటివాటి నుంచి తీసిన సారాలో నీళ్ళు కలిపి, తీపి చేర్చి అమ్మడం మొదలైంది. 1998లో చామిసుల్ అనే సోజు వచ్చినప్పుడు 23 శాతం, ఇప్పుడు పదహారు దరిదాపుల్లో. సీసా ఏమీ మారలేదు, మనిషికి పట్టే సీసాలే పెరిగాయి. కంపెనీవాళ్ళకి ఇందులో నష్టమేమీ లేదని గ్రహించండి.

సీసాకి చిన్న గ్లాసులు ఏడొస్తాయి. ఇద్దరు పంచుకుంటే ఒకటి మిగులుతుంది, ముగ్గురు పంచుకున్నా ఒకటి మిగులుతుంది, నలుగురికైతే ఒకటి తక్కువవుతుంది. ఎవరికీ సమంగా రాకపోవడం వల్ల ఇంకో సీసా చెప్పాల్సి వస్తుంది. కంపెనీ కావాలనే ఇలా చేసిందని కొరియన్లే నవ్వుతూ చెబుతుంటారు. హగ్వన్‌లో లెక్కలు చెప్పే కొరియన్ మాస్టారు పక్కన ఉంటే ఈ విషయం తప్పకుండా ఎత్తండి. మిగిలిన రాత్రంతా ఆయనకి మాట్లాడడానికి ఇంకో సబ్జెక్టు అవసరముండదు.

తోటి విదేశీయులతో తాగడానికి శిక్షణ అక్కర్లేదు గానీ హ్వేషిక్‌కి కావాలి. ఆఫీసువాళ్ళందరూ కలిసి తిని తాగే విందుని హ్వేషిక్ అంటారు. రమ్మని పిలుస్తారు, అది ఆహ్వానమని మోసపోకండి. ప్రభుత్వ బడి అయితే ముందు ఉపాధ్యాయులంతా వాలీబాల్ ఆడతారు, ఆ తర్వాత పందిమాంసం కాల్చే హోటలుకి నడుస్తారు. మీ గ్లాసులో మీరే పోసుకోకూడదు. పెద్దవాళ్ళు పోస్తుంటే రెండు చేతులా గ్లాసు పట్టుకోవాలి. తాగేటప్పుడు మొహం పక్కకి తిప్పుకోవాలి. గ్లాసు పూర్తిగా ఖాళీ అయ్యేదాకా మళ్ళీ నింపరు కనుక, తాగుడు ఆపాలనుకున్నవాడు అడుగున చుక్క మిగిల్చి గంటసేపు కూర్చుంటాడు. ఈ చుక్క విద్య నేర్చినవాడు ఎక్కువ కాలం బతుకుతాడు. ఆరోగ్యం బాగాలేదంటే ఎవరూ నమ్మరు. హన్యాక్ వాడుతున్నానని చెప్పండి. నాటువైద్యం కషాయం వాడేవాడిని బలవంతపెట్టడానికి కొరియాలో హెడ్‌మాస్టరు కూడా వెనకాడతాడు. అయితే సంవత్సరానికోసారే ఈ మందు పనిచేస్తుంది. ప్రతి నెలా కషాయం తాగేవాడిని చూస్తే, వీడికి అసలు రోగమేమిటా అని స్టాఫంతా ఆలోచనలో పడుతుంది.

మొదటి హోటలుతో ఇది అయిపోదు. ఇల్‌చా, ఈచా, సామ్‌చా అని వరసగా చోటు మారుతూ పోతారు. రెండో చోట బీరూ సోజూ కలిపిన సోమెక్. మూడో చోట నోరేబాంగ్, గంటకింతని అద్దెకి తీసుకునే పాటల గది. అక్కడ మీరు ఇంగ్లీషు పాట పాడాలి. ఉచ్చారణ బాగుందని అందరూ చప్పట్లు కొడతారు. మిమ్మల్ని ఉద్యోగంలోకి తీసుకున్నది ఎందుకో అప్పుడు పూర్తిగా అర్థమవుతుంది. మర్నాడు ఉదయం హెడ్‌మాస్టరుగారు కారిడార్లో ఎదురైతే రాత్రి ఆయన మీ భుజం మీద తల పెట్టి ఏడ్చిన సంగతి ఎత్తకండి. అలాంటిదేమీ జరగలేదు.

ఇక్కడ ఒక్క మాట. ఇప్పటిదాకా చెప్పింది మగ మాస్టారి లెక్క. ఆడ టీచరుకి ఈ పాఠం ఇంత హాయిగా ఉండదు. ఆమె గ్లాసు ఎవరు నింపుతున్నారో చూసుకోవాలి, టాక్సీ నంబరు స్నేహితురాలికి పంపాలి, మర్నాడు నవ్వుతూ కనిపించాలి. ఆమె కషాయం వంకని నెలకోసారి వాడినా తప్పులేదు.

విదేశీ మాస్టార్ల సొంత సభ వేరే చోట. ఇటేవన్‌లో, దాని పక్కనే కొండెక్కే హేబాంగ్‌చన్ సందుల్లో, కుర్రకారైతే హాంగ్‌ఇక్ యూనివర్సిటీ ముందున్న హాంగ్‌డేలో. దశాబ్దాల పాటు అమెరికన్ సైన్యం పక్కనే ఉన్న యోంగ్సాన్ స్థావరంలో మకాం వేయడం వల్ల ఇటేవన్ బార్లు ఇంగ్లీషు నేర్చుకున్నాయి. 2018లో సైన్యం తన ప్రధాన కార్యాలయాన్ని ప్యోంగ్‌టెక్‌కి మార్చుకుంది. మాస్టార్లు మారలేదు. సైనికుడికైతే రాత్రికి బారక్స్ చేరమనే పై అధికారి ఉంటాడు.

ఈ బార్‌ని ఇల్లు వదిలివచ్చిన కుర్రాళ్ళ వినోదమని పొరబడేవాళ్ళున్నారు. ఇది స్టాఫ్‌రూము. హగ్వన్‌లో స్టాఫ్‌రూము అనబడే గదిలో జిరాక్స్ మిషనూ, మీ క్లాసు కెమెరాలు చూసే వన్‌జాంగ్‌నిమూ ఉంటారు. వన్‌జాంగ్‌నిమ్ అంటే డైరెక్టరుగారు. అక్కడ నోరు విప్పలేరు. ఇక్కడ విప్పవచ్చు. ఏ హగ్వన్ జీతం ఆలస్యం చేస్తుందో, ఎవరు ఏడాది పూర్తయితే ఒక నెల జీతం గ్రాట్యుటీగా ఇవ్వాల్సి వస్తుందని పదకొండో నెలలోనే మనిషిని తీసేస్తారో ఈ టేబుళ్ళ దగ్గరే తెలుస్తుంది. మీ వీసా ఆ యజమానికి ముడిపడి ఉంటుంది. మధ్యలో ఇంకో చోటికి మారాలంటే ఆయన వదిలేస్తున్నానని కాగితం రాసివ్వాలి. ఉండే గది కూడా ఆయనిచ్చిందే. కోపమొస్తే వెళ్ళిపోవడానికి ఇల్లు లేదు, అందుకని బార్‌కి వెళతారు. ప్రమోషను అనేది ఈ ఉద్యోగంలో లేదు. అయిదేళ్ళు చేసినవాడూ నిన్న దిగినవాడూ ఒకే ఏబీసీడీ పాట పాడతారు. పిల్లలకి రెండో వాడి పాటే నచ్చుతుంది, వాడింకా గెంతగలడు.

అందువల్ల బార్‌లో ఏం మాట్లాడాలో ముందే వల్లె వేసుకోండి. డైరెక్టరుగారిని తిట్టండి. తల్లిదండ్రుల్ని తిట్టండి. తల్లిదండ్రుల్ని తిట్టేముందు ఒక సంగతి గుర్తు చేసుకుంటే మీ కోపానికి కొంచెం గౌరవం వస్తుంది. కాలేజీ ప్రవేశపరీక్ష సునుంగ్‌లో ఇంగ్లీషు లిజనింగ్ భాగం నడిచే అరగంట పైచిలుకు సేపు దేశం మొత్తంలో విమానాలు దిగవు, లేవవు. ఆ అరగంట కోసం ఆ తల్లి పన్నెండేళ్ళుగా డబ్బు కడుతోంది. ఆమె కట్టిన డబ్బులోంచే మీ గ్లాసు నిండింది. ఇది గుర్తొచ్చాక తిట్లు ఆపాల్సిన పనేమీ లేదు, గొంతు తగ్గిస్తే చాలు.

ఆ తర్వాత వచ్చే ఏడాది ఏం చేస్తారో చెప్పండి. ఇది తప్పనిసరి. చదువుకి చేసిన అప్పు తీరగానే వెళ్ళిపోతాననాలి, ఎమ్మే చేస్తాననాలి, నవల రాస్తున్నాననాలి. ఎదుటివాడు తలూపుతాడు, మీరు కూడా వాడి నవలకి తలూపాలి. ఈ మాట మొదటి ఏడాది అన్నప్పుడు నిజం. నాలుగో ఏడాది అన్నప్పుడు అలవాటు. ఏడో ఏడాది ఇంకా అంటుంటే పక్కన కూర్చున్న కొత్తవాడికి భయమేస్తుంది, వాడు ఇంకో గ్లాసు చెబుతాడు. నా ఉద్దేశంలో ఈ తాగుడంతా సోజు కోసం కాదు, ఈ వాక్యం కోసమే. దీన్ని మత్తు లేకుండా అనడం కష్టం.

ఉదయం. మత్తు దించే సూపు హేజాంగుక్ తాగండి. గడ్డకట్టిన ఎద్దు నెత్తురు వేసిన సూపు ఒకటి, సోయా మొలకలు వేసింది ఒకటి. మొదటిది ధైర్యవంతులకి, రెండోది మిగిలినవాళ్ళకి. రెండూ తప్పించుకోవాలంటే కన్వీనియన్స్ స్టోరులో హ్యాంగోవర్ సీసాలుంటాయి. రాత్రి సోజు అమ్మినవాడే ఉదయం విరుగుడు అమ్ముతాడు కాబట్టి దారి వెతుక్కోనక్కర్లేదు. క్లాసులో ఆ రోజుకి సినిమా వెయ్యండి. పాఠ్యప్రణాళికలో దీన్ని సహజ సంభాషణా శ్రవణం అని రాయండి. సినిమా నిన్ననే వేసి ఉంటే పదాల పజిలు ఇవ్వండి. సెలవుల్లో పనేమీ లేకపోయినా బడిలో కుర్చీ వేడెక్కించమంటారు చూడండి, ఆ రోజుల్లోనే ఇలాంటి పజిళ్ళు ఓ వంద తయారుచేసి పెట్టుకోవడం అనుభవజ్ఞుల లక్షణం. రెండో తరగతి పిల్లలకి మాత్రం దొరక్కుండా ఉండలేరు. గ్రామర్ రాని పిల్ల కూడా ముక్కు మూసుకుని “టీచర్, సోజు!” అంటుంది. వాక్యం పూర్తిగా చెప్పమని సరిదిద్దండి. అదే ఆ రోజు పాఠం.

తాగి బండి నడపొద్దు. ఇందులో వ్యంగ్యం లేదు. 2019 జూన్ నుంచి రక్తంలో 0.03 శాతం ఆల్కహాల్ దొరికినా కేసే. ఒకటి రెండు గ్లాసులకే దొరికిపోవచ్చు, ఆ తర్వాత వీసా పొడిగించేవాడు దొరకకపోవచ్చు. కొరియన్లు ఫోను చేసి డ్రైవరుని పిలిపించుకుని తమ కార్లోనే వెనక సీట్లో ఇంటికెళతారు. మీకు కారు లేదు, మీ జీతమే మిమ్మల్ని ఈ పాపం నుంచి కాపాడుతోంది.

ఏదో ఒక ఏడాది ఒప్పందం ముగుస్తుంది, ఈసారి మీరు నిజంగానే సంతకం పెట్టరు. అప్పుడు మీ పాస్‌పోర్టు రంగు మళ్ళీ అక్కరకొస్తుంది. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా వాళ్ళకి ఇన్నాళ్ళూ కట్టిన పింఛను సొమ్ము ఒకేసారి తిరిగొస్తుంది. బ్రిటిషువాడికి రాదు. కాబట్టి వీడ్కోలు విందు ఖర్చు అమెరికావాడి మీద వెయ్యండి, విందు మాత్రం ఇద్దరికీ కలిపి చెయ్యండి. హనోయ్‌లో ఇదే ఉద్యోగం దొరుకుతుందని ఆ టేబులు దగ్గరే ఎవడో చెబుతాడు. అక్కడ బియా హోయ్ అనే పీపా బీరు రోడ్డు పక్కన చిన్న ప్లాస్టిక్ స్టూళ్ళ మీద కూర్చుని తాగుతారు. సోజు కన్నా చవక, క్లాసులు కూడా సాయంత్రాలే ఎక్కువ. ఒక్క ఏడాది చాలంటాడు. నవల కూడా సూటుకేసులో పెట్టుకోండి, బరువేమీ ఉండదు.