బీ ఫేజు ఒక్కటే తెల్లగా

నేను థర్మల్ కెమెరాని. ప్రతి వస్తువూ తన వేడిని బట్టి పరారుణ కిరణాలు వెదజల్లుతుంది; అవే నాకు చూపు. 1800లో విలియం హెర్షెల్ పట్టకం విడదీసిన రంగుల్లో ఎరుపు దాటాక, ఏ వెలుగూ కనిపించని చోట థర్మామీటరు పెడితే పాదరసం ఇంకా పైకెక్కింది. నా వంశానికి మూలం అదే. నేను చూసే 8 నుంచి 14 మైక్రాన్ల కిరణాలను గాజు సాగనివ్వదు, అందుకే నా కటకం జెర్మేనియంతో చేశారు.

నా కొలువు సబ్‌స్టేషన్ యార్డులో. ఏప్రిల్‌లో పొద్దుగూకాక, ఊళ్లో ఏసీలు, కూలర్లు మొదలై ఫీడర్ మీద లోడ్ పెరిగే వేళ లైన్ ఇన్‌స్పెక్టర్ నన్ను పట్టుకుని తిరుగుతాడు. ఒక రాత్రి ఐసోలేటర్ దగ్గర టక్కున ఆగిపోయాడు. ఆర్, వై ఫేజుల క్లాంపులు నా తెర మీద ముదురు ఊదారంగులో ఉన్నాయి. బీ ఫేజు ఒక్కటే తెల్లగా ఉంది. మూడింట్లోనూ పారుతున్నది ఇంచుమించు ఒకే కరెంటు. మరి ఒక్కదానికే ఈ జ్వరం ఎందుకు? బోల్టు వదులైంది. లోహం లోహాన్ని తాకే చోటు తగ్గి నిరోధం పెరిగింది. అలాంటి చోట కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. ఆ వేడికి ఆక్సైడు పొర పేరుకుని నిరోధం ఇంకా పెరుగుతుంది. ఊరుకుంటే క్లాంపు పట్టుకున్న జంపరు తీగ తెగి కింద పడుతుంది, ఆ కింద తిరిగేది మనుషులు.

"సార్, బీ ఫేజు క్లాంపు కాలిపోతోంది. లైన్ క్లియర్ తీసుకుంటాం" అని అసిస్టెంట్ ఇంజనీరుకి ఫోన్ చేశాడు. సప్లై ఆపి, ఎర్తింగ్ చేసి, క్లాంపు శుభ్రం చేసి బిగించారు. లోడ్ ఎక్కాక మళ్లీ చూశాను: మూడూ ఒకే రంగు.

మెరిసే లోహం దగ్గర మాత్రం నా మాట ఒక్కటే నమ్మొద్దు. కొత్త అల్యూమినియం తన వేడిని సరిగా బయటపెట్టదు, చల్లని ఆకాశాన్ని ప్రతిబింబిస్తుంది. కాలుతున్నా నాకు చల్లగానే కనిపిస్తుంది. ఎలక్ట్రానిక్ బోర్డులు చూసేవాళ్లు మెరిసే చోట టేపు అంటించి కొలిచేది అందుకే. వాళ్ల బల్ల మీద షార్టయిన కెపాసిటర్ కాస్త కరెంటు ఇవ్వగానే ముందుగా వేడెక్కి దొరికిపోతుంది. విమాన భాగాల మీద ఫ్లాష్ దీపాలతో ఒక్కసారి వేడి చల్లి చూస్తారు. లోపల పొరలు విడిపోయిన చోట వేడి కిందికి దిగలేక పైనే నిలిచిపోతుంది.

నేను దేని లోపలికీ చూడలేను. లోపలి వేడి పైకి వస్తేనే పసిగడతాను. కాబట్టి లోడ్ లేని మధ్యాహ్నం నన్ను అలా తిప్పి, రిజిస్టరులో అంతా బాగుందని రాయకండి. ఎండ దిగాక, లోడ్ నిండుగా ఉన్నప్పుడు నన్ను బయటికి తీయండి.