ఏలినవారికి, ఉత్తరాల బెడద తప్పించుకునే ఉపాయాలు

ఏలినవారి సముఖానికి మనవి. మీ జైల్లో ఉన్న మనిషి ఎవర్నీ కొట్టలేదు, దోచలేదు. అతని నోరు ఊరుకోదు, అంతే. అలాంటివాణ్ణి లోపలేయడం తేలిక. చిక్కు తర్వాత మొదలవుతుంది. మీరు పేరైనా వినని ఊళ్ళో ఒక రిటైర్డు పంతులమ్మ అతని పేరు రాసి, స్టాంపు అంటించి, మీ జైలుకి కార్డు పడేస్తుంది. మర్నాడు ఆవిడ పక్కింటాయన.

ఈ జాడ్యం 1961లో అంటుకుంది. ఆ మే 28న లండన్ ‘అబ్జర్వర్’లో పీటర్ బెనెన్‌సన్ అనే వకీలు, లోకం మరిచిపోయిన ఖైదీల గురించి వ్యాసం రాశాడు. ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ పుట్టింది అలాగే. తొలిరోజుల్లో ఒక్కో బృందం ముగ్గురేసి ఖైదీలను దత్తత తీసుకునేది: పశ్చిమ దేశాల్లోంచి ఒకరు, కమ్యూనిస్టు దేశాల్లోంచి ఒకరు, మూడో ప్రపంచంలోంచి ఒకరు. ఫలానా కూటమికి అమ్ముడుపోయారని తిట్టే వీలు కూడా మనకు మిగల్చలేదు.

విరుగుడు ఉంది. బెలారస్‌లో 1994 నుంచి కుర్చీ దిగని అధ్యక్షుడు లుకషెంకో గారి పాలన చూసి నేర్చినవి మనవి చేసుకుంటాను.

ముందు కేసు సంగతి. చార్జిషీట్లో అభిప్రాయం అనే మాట రానీయకండి, పన్ను ఎగవేత అనండి. అలెస్ బియాలియాత్స్కీ 1996 నుంచి ‘వియస్నా’ అనే సంస్థ నడుపుతూ ఖైదీల కుటుంబాలకు సాయం చేసేవాడు. ఆ డబ్బు లిథువేనియా, పోలండ్ బ్యాంకుల్లో ఉండేది. ఆ లెక్కలు బెలారస్ సర్కారు చేతికి ఎవరందించారంటారు? ఆ రెండు దేశాల అధికారులే, రూలు ప్రకారం! 2011లో నాలుగున్నరేళ్ళ శిక్ష పడ్డది. తర్వాత ఆ రెండు దేశాలవాళ్ళు క్షమాపణ చెప్పుకున్నారు, అది వేరే సంగతి. శత్రువు ఆఫీసులో బుద్ధిగా ఫైలు కదిపే గుమాస్తాని మించిన మిత్రుడు మీకు దొరకడు. 2021లో అతన్నే మళ్ళీ పట్టుకున్నారు. 2022లో, విచారణ ఇంకా తేలకముందే, నోబెల్ శాంతి బహుమతి ఇచ్చారు. ఓస్లోలో ఆయన భార్య అందుకుంది. 2023 మార్చిలో డబ్బు స్మగ్లింగ్ పేరుతో పదేళ్ళు వేశారు. శిక్ష పడ్డాక బహుమతి ఇచ్చినవాళ్ళు సిగ్గుపడతారని మా అంచనా. ఇంకా పడలేదు.

ఇక ఉత్తరాలు. ఇవ్వకండి. పైగా ‘నిన్నంతా మరిచిపోయారు’ అని చెప్పిస్తూ ఉండండి. ఫ్లూటు వాయించే ప్రతిపక్ష నాయకురాలు మరియా కొలెస్నికోవాకు 2023 ఫిబ్రవరి నుంచి మరుసటేడు నవంబరు దాకా ఇంటితో సంబంధమే లేకుండా చేశారు. అద్భుతమైన పని. ఒక్కటే లోపం. అందకపోయినా రాసేవాళ్ళు మానరు. ఖైదీకి ఇవ్వని ఉత్తరమైనా సెన్సారు గుమాస్తా చదవక తప్పదు. ‘ఒంట్లో ఎలా ఉంది, ఇక్కడ మంచు పడుతోంది, మా పిల్లి ఈనింది’ అని రోజూ చదువుతూ కూర్చున్నవాడికి లోపల ఏమవుతుందో ఎవరు చెప్పగలరు? ఆర్నెల్లకోసారి బదిలీ చేయండి. వార్డరును కూడా కనిపెట్టి ఉండండి. పై దేశాలవాళ్ళు పేరు పెట్టి అడుగుతున్న ఖైదీ మీద చెయ్యెత్తేముందు వాడు కాసేపు ఆగుతాడు. ఆ తటపటాయింపు కోసమే ఆ పంతులమ్మ స్టాంపులు కొంటున్నదని నా అనుమానం.

రాజకీయ ఖైదీల చొక్కాలకు పసుపు గుర్తు కుట్టించండి, బెలారస్‌లో ‘తీవ్రవాద ధోరణి గలవారు’ అని కుట్టినట్టు. అప్పుడు మిగతా ఖైదీలు దూరంగా ఉంటారు. ఎవరు దేనికొచ్చారో జైలంతటికీ అడక్కుండానే తెలిసిపోతుందనుకోండి, దానికేం చేస్తాం.

తిండి సాయం ఆపించండి. 2024 జనవరిలో ఖైదీల కుటుంబాలకు సరుకులు పంపించే పథకం మీద పడి, ఆ సరుకులు పుచ్చుకున్నవాళ్ళ ఇళ్ళు సోదా చేయించారు. పప్పూ ఉప్పూ కూడా తీవ్రవాదమేనని తేలింది.

ఇవేవీ పనిచేయకపోతే అమ్ముకోండి. 2025 డిసెంబరు 13న 123 మందిని వదిలారు, బియాలియాత్స్కీ, కొలెస్నికోవాలతో సహా. బదులుగా అమెరికా బెలారస్ పొటాష్ మీద ఆంక్షలెత్తేసింది. అవును, మా గోదావరి రైతు వరికి చల్లే పొటాషే. మన దేశం వాడేదంతా బయటి నుంచి కొనుక్కునేదే, అమ్మేవాళ్ళలో బెలారస్ ఒకటి. ఈ బేరంలో సుఖం చూడండి: గదులు ఖాళీ అయితే మళ్ళీ నింపుకోవచ్చు. అయితే ఊరూపేరూ లేని ఖైదీకి ధర పలకదు. ఆ పేర్లను ఇన్నేళ్ళు నలుగురి నోళ్ళలో నానబెట్టింది ఉత్తరాలవాళ్ళే. కాబట్టి ఏలినవారు ఉత్తరాలను మరీ పూర్తిగా ఆపించవద్దు. పైన చెప్పినదానికి ఇది విరుద్ధమే. సలహాదారుకి ఆ మాత్రం స్వేచ్ఛ ఉండాలి.

వదిలినవాళ్ళను దేశంలో ఉంచుకోకండి, సరిహద్దు దాటించండి. 2020 సెప్టెంబరులో కొలెస్నికోవాను ఉక్రెయిన్ సరిహద్దుకు తీసుకెళ్ళారు. ఆమె తన పాస్‌పోర్టు చింపేసి, కారు కిటికీలోంచి దూకి, నడిచి వెనక్కొచ్చింది. అందాకా తలుపులే కదా తాళం వేసేది! ఈసారి కిటికీలు కూడా చూసుకోండి. 2025 సెప్టెంబరు 11న 52 మందిని లిథువేనియాకు బస్సెక్కించారు. అందులో మికోలా స్తత్కెవిచ్ ఒకడు, లుకషెంకో మీద 2010లో పోటీ చేసినవాడు. రెండు దేశాల గేట్ల మధ్య బస్సు దిగేసి, పోనన్నాడు. గంటల తరబడి అక్కడే ఉండి, తిరిగి బెలారస్ వైపే నడిచాడు. మళ్ళీ పట్టుకుపోయారు.

ఇలాంటివాళ్ళకు మా దగ్గర చిట్కా లేదు. ఫీజు మాత్రం వాపసు ఇవ్వబడదు.