గట్టిగా వేసిన ముడి

నాకు షుగర్ ఉంది. రోజూ ఇన్సులిన్ వేసుకుంటాను. వాడిన సూదిని ఉల్లిపొట్టు, పాల ప్యాకెట్లతో కలిపి ఒకే కవర్లో పడేసి, వాసన రాకుండా గట్టిగా ముడివేసి పంచాయతీ ట్రాక్టర్‌కు ఇచ్చేవాణ్ణి. ముడి ఎంత బిగిస్తే అంత శుభ్రమని ఏళ్ల తరబడి నమ్మాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా ఉంది.

మా ఊరు ముడిమ్యాలలో చెత్త గడప దాటాక ఏమవుతుందో నేనెన్నడూ ఆలోచించలేదు. 2019 సెప్టెంబరులో పల్లె ప్రగతి కార్యక్రమం మొదలయ్యాక రాష్ట్రంలో పంచాయతీలకు ట్రాక్టర్లు వచ్చాయి. డంపింగ్ యార్డులు, చెత్త వేరుచేసే షెడ్లు వచ్చాయి. ఇక పనంతా సులువైపోయిందనుకున్నాను. ట్రాక్టర్ మోసుకుపోతుంది, అంతే. కానీ తడి, పొడి కలిపి ఇచ్చినదాన్ని వేరుచేసేది మనిషి చెయ్యే.

సఫాయి పనిచేసే ఒకామె వేలికి గుడ్డ చుట్టుకుని కనిపించింది. చెత్తలో సూది గుచ్చుకుందట. "జర చూసుకొని తీయాలె గదమ్మా" అన్నాను. అంతకంటే తెలివిమాలిన మాట నా నోట మరొకటి రాలేదు.

"ఏం జూసుకుంట సారూ? ముడి గట్టిగుంటది, ఇప్పరాదు. చింపుతం. లోపల ఏమున్నదో చింపినంకనే తెలుస్తది" అన్నది.

ఆ సూది నాది కాదని చెప్పడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు.

ఆమెను చేవెళ్ల సర్కారు దవాఖానకు తోలుకుపోయాక తెలిసింది, గుడ్డ చుట్టి ఊరుకునే గాయం కాదది. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కూడా కనీసం 7 రోజులు బతుకుతుంది. సూది గుచ్చుకుంటే పిండకుండా, నోటితో పీల్చకుండా వెంటనే సబ్బుతో, పారే నీటితో కడగాలి. హెచ్ఐవీ అనుమానం ఉంటే నివారణ మందులు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటకూడదు. హెపటైటిస్ బికి టీకా ఉంది. 6 నెలల్లో 3 డోసులు వేసుకుంటే సరిపోతుంది.

పాపపరిహారంగా సన్నటి రబ్బరు గ్లౌజులు కొనిచ్చి నిశ్చింతగా ఉన్నాను. అదీ తెలివితక్కువే. సూదికి ఆ రబ్బరు అడ్డమే కాదు. మందపాటి గ్లౌజు గాజు అంచును ఆపుతుంది కానీ, ఇన్సులిన్ సూదంత సన్నటిదాన్ని పూర్తిగా ఆపుతుందన్న భరోసా లేదు. అందుకే కవర్లో చెయ్యి పెట్టి వెతకనే కూడదు. నడుమెత్తు బల్ల మీద కుమ్మరించి, కొక్కెం కర్రతో పరిచి, అనుమానమున్నది పటకారుతో తీయాలి. సంచిని మెడ దగ్గర పట్టుకోవాలి, ఒంటికి ఆనించుకోకూడదు, కాలితో తొక్కకూడదు.

2016 ఘనవ్యర్థాల నిబంధనలు చెత్త ఎత్తే కార్మికులకు యూనిఫాం, గ్లౌజులు, రెయిన్‌కోటు, బూట్లు, మాస్కు ఇవ్వాలన్నాయి. ఆ సంగతి నేను నలుగురిలో గట్టిగానే మాట్లాడేవాణ్ణి. వాడిన సూదులు, గడువు దాటిన మందులు, ట్యూబులైట్లు, బ్యాటరీలు, పురుగుమందు డబ్బాలు ఇంటివాళ్లే విడిగా ఇవ్వాలని అవే నిబంధనలు చెప్పాయి. నా వంతు రాసి ఉన్న ఆ భాగం మాత్రం చదవలేదు. కూరగాయలు, పూలు పండే మా చేవెళ్ల వైపు మందు డబ్బా లేని ఇల్లు ఎక్కడుంది? అవీ సఫాయి పనివాళ్ల చేతుల్లోకే పోతున్నాయి.

ఇప్పుడు ఖాళీ ఫినాయిలు సీసా మీద 'సూదులు' అని పెద్దగా రాసి, వాడిన వెంటనే అందులో వేస్తున్నాను. ముప్పాతిక నిండగానే మూత బిగించి, టేపు చుట్టి, చెప్పి చేతికిస్తున్నాను. పగిలిన గాజును అట్టపెట్టెలో పెట్టి పైన రాస్తున్నాను. తడి చెత్త బకెట్లోనే పోతుంది, దానికి కవరే అక్కర్లేదు.

బూట్లు, మాస్కులు, షెడ్డులో సబ్బూ నీళ్లూ, సఫాయి పనివాళ్లందరికీ హెపటైటిస్ బి టీకా కావాలని గ్రామసభలో అడుగుతాను. మీరూ అడగండి. అయితే అడగడానికి బయలుదేరే ముందు మీ వంటింటి కవర్లో ఏముందో ఒకసారి చూడండి. షెడ్డులో ఎవరి వేలు తెగుతుందో, ఎవరిది తెగదో సగం తేలేది అక్కడే.